హ్యాకింటాష్: స్క్రీన్ నల్లబడితే ముందు ఏం చూడాలి?

ఐఫోన్ యాప్ ఒకటి తయారు చేయాలని ఉంది. దానికి ఎక్స్‌కోడ్ కావాలి. ఎక్స్‌కోడ్ నడవాలంటే మ్యాక్‌ఓఎస్ కావాలి. మ్యాక్ కొందామంటే జేబు ఒప్పుకోదు. ఇంట్లో చూస్తే అసెంబుల్ చేయించిన పీసీ ఉంది. ‘దీని మీదే మ్యాక్‌ఓఎస్ ఎక్కిస్తే పోలా?’ అనిపించిందా? అయితే మీరు హ్యాకింటాష్ దారిలో మొదటి అడుగు వేసినట్టే.

రెండో అడుగు దాదాపు అందరికీ ఒకటే. యాపిల్ బొమ్మ వస్తుంది, కింద గీత సగం వరకు నిండుతుంది, తర్వాత స్క్రీన్ నల్లగా అయిపోతుంది. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

ఇక్కడే చాలామంది కంగారుపడి, ఎవరో అప్‌లోడ్ చేసిన ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌ని తెచ్చి పెట్టేస్తారు. పక్కింటాయన కళ్లజోడు మనం పెట్టుకున్నట్టే ఉంటుంది అది. ఆయన మదర్‌బోర్డు వేరు, ప్రాసెసర్ వేరు, గ్రాఫిక్స్ కార్డు వేరు. అసలు చేయాల్సింది బండి ఎక్కడ ఆగిందో కనుక్కోవడం. స్క్రీన్ నల్లబడటానికి కారణాలు చాలా ఉంటాయి, ఆగిన చోటుని బట్టే మందు.

ముందు కార్డు సంగతి తేల్చుకోండి

విండోస్‌లో అయితే కార్డు కొన్నాక డ్రైవర్ డౌన్‌లోడ్ చేస్తాం. ఇక్కడ అలా కుదరదు. మ్యాక్‌ఓఎస్‌లో యాపిల్ పెట్టిన డ్రైవర్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఎన్‌విడియా విషయమే చూడండి. 900, 1000 సిరీస్ జీటీఎక్స్ కార్డులకు ఆ కంపెనీ వెబ్ డ్రైవర్లు ఇచ్చేది. 2017లో వచ్చిన హై సియెర్రాతో ఆ కథ ముగిసింది. 2018 నాటి మొజావెకి డ్రైవర్ రాలేదు. ఆర్‌టీఎక్స్ కార్డులకైతే మ్యాక్‌ఓఎస్ డ్రైవర్ ఎప్పుడూ లేదు. కాబట్టి మీ దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 ఉంటే, ఏ సెట్టింగ్ మార్చినా అది మ్యాక్‌ఓఎస్‌లో పనిచేయదు.

పనిచేసేవి ఎక్కువగా ఏఎండీ కార్డులు. ఆర్‌ఎక్స్ 570, 580, వేగా కార్డులు, 5500 ఎక్స్‌టీ, 5700 ఎక్స్‌టీ, 6600, 6800 ఎక్స్‌టీ ఈ జాబితాలో ఉన్నాయి. 6600 పనిచేస్తుంది కదా అని 6700 ఎక్స్‌టీ కొనేయకండి, దానికి యాపిల్ డ్రైవర్ లేదు. 6400కీ లేదు, 6500 ఎక్స్‌టీకీ లేదు, 7000 సిరీస్‌కి అసలే లేదు. ఆర్‌ఎక్స్ 550తో ఇంకో తిరకాసు. అదే పేరుతో రెండు రకాల చిప్‌లు అమ్మారు. బాఫిన్ అయితే సరే, లెక్సా అయితే మామూలుగా పనిచేయదు. సికింద్రాబాద్ సీటీసీలోనో, తెలిసినవాళ్ల దగ్గరో సెకండ్‌హ్యాండ్ కార్డు బేరమాడే ముందు డబ్బా మీద పేరు కాదు, చిప్ పేరు అడగండి.

ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ అయితే 10వ తరం వరకే. 11వ తరం నుంచి డ్రైవర్ లేదు. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్సే ఉండదు, అది మర్చిపోవద్దు.

బయోస్‌లో ఐదు నిమిషాలు

కార్డు సరైనదే అని తేలాక బయోస్‌లోకి వెళ్లండి. సెక్యూర్ బూట్, ఫాస్ట్ బూట్, సీఎస్‌ఎం - ఈ మూడూ ఆఫ్. సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. ఎబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేయాలి. పాత బోర్డుల్లో ఆ ఆప్షన్ కనిపించకపోతే ఎన్‌పీసీఐ అనే బూట్ ఆర్గ్యుమెంట్ ఉంది. రెండూ ఒకేసారి మాత్రం పెట్టకూడదు.

ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ వాడేవాళ్లు డీవీఎంటీ ప్రీ-అలొకేటెడ్‌ని 64 ఎంబీకి పెంచాలి. వేరే కార్డు పెట్టుకున్నవాళ్లు మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో ఒకసారి వంగి చూడండి. నవ్వకండి! కేబుల్ మదర్‌బోర్డుకి గుచ్చి, కార్డు పాడైందని తిట్టుకునేవాళ్లు బోలెడుమంది.

యాపిల్ బొమ్మ తీసేసి అక్షరాలు చూడండి

ఓపెన్‌కోర్ వాడుతున్నారనుకుందాం. కాన్ఫిగ్ డాట్ పీలిస్ట్ ఫైల్లో బూట్ ఆర్గ్స్ దగ్గర ఒక మైనస్ గుర్తు, పక్కనే ఇంగ్లిష్ చిన్న ‘వి’ అక్షరం పెట్టండి. దీన్నే వెర్బోస్ మోడ్ అంటారు. యాపిల్ బొమ్మకి బదులు లోపల జరిగేదంతా అక్షరాల్లో పరుగెడుతుంది. ఫోన్ తీసి స్లో మోషన్ వీడియో పెట్టండి. చివరి నాలుగు లైన్లే మీకు కావాల్సింది.

‘ఎగ్జిట్ బీఎస్ స్టార్ట్’ దగ్గర ఆగిందా? అక్కడ మ్యాక్‌ఓఎస్ ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. అది గ్రాఫిక్స్ గొడవ కాదు. బయోస్ సెట్టింగులు, ఓపెన్‌కోర్‌లోని బూటర్, కెర్నల్ క్విర్క్‌లు చూడాలి. ‘పీసీఐ కాన్ఫిగరేషన్ బిగిన్’ దగ్గర ఆగితే ఎబవ్ 4జీ సంగతి. ‘స్టిల్ వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్’ అంటే డిస్క్ లేదా యూఎస్‌బీ దొరకడం లేదని. ‘ఐఓ కన్సోల్ యూజర్స్’ అనే లైను దగ్గర ఆగిందా, అప్పుడు మాత్రం గ్రాఫిక్స్‌నే అనుమానించాలి. గ్రాఫిక్స్ మేలుకోవాల్సిన చోటు అదే.

దొంగ దొరికాడు, ఇప్పుడేం చేయాలి?

లిలు, వాటెవర్‌గ్రీన్ అనే రెండు కెక్స్ట్‌లు ఉన్నాయో లేవో చూడండి. కాన్ఫిగ్‌లో లిలు ముందు, వాటెవర్‌గ్రీన్ తర్వాత రావాలి. వరుస తప్పితే పనిచేయదు.

ఆర్‌ఎక్స్ 5000, 6000 సిరీస్ కార్డుల్లో అక్షరాలన్నీ చక్కగా పరుగెత్తి, చివర్లో మానిటర్ ఆరిపోవడం మామూలే. ఇది ఏ మ్యాక్ మోడల్ అని యాపిల్ డ్రైవర్ చేసే తనిఖీ దీనికి కారణం. ‘ఏజీడీపీమాడ్’ అనే ఆర్గ్యుమెంట్‌కి ‘పికెరా’ అని విలువ ఇస్తే ఆ తనిఖీ తప్పుతుంది.

ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ప్లాట్‌ఫామ్ ఐడీ సరిగ్గా ఉండాలి. మానిటర్ దానికే తగిలిస్తే ఒక ఐడీ, పక్కన ఏఎండీ కార్డు ఉంటే ఇంకో ఐడీ. ఇక పనికిరాని ఎన్‌విడియా కార్డు పీసీలో ఉందా? ‘వెగ్ నో ఈజీపీయూ’ ఆర్గ్యుమెంట్‌తో దాన్ని పక్కన కూర్చోబెట్టి, ఇంటెల్‌తో బండి నడపొచ్చు.

డెస్క్‌టాప్ వచ్చేసిందని సంబరపడేలోపు ‘అబౌట్ దిస్ మ్యాక్’ తెరవండి. గ్రాఫిక్స్ మెమరీ 7 ఎంబీ అని చూపిస్తే డ్రైవర్ ఎక్కలేదని అర్థం. కింద డాక్ పారదర్శకంగా లేకపోయినా, కిటికీలు జరిపితే ఈడ్చుకుంటూ వస్తున్నా అదే జబ్బు.

మార్చినా మారలేదా?

ఆర్గ్యుమెంట్ మార్చారు, సేవ్ చేశారు, రీస్టార్ట్ చేశారు. అయినా పాతదే నడుస్తోంది. ఎందుకంటే బూట్ ఆర్గ్స్ ఎన్‌వీర్యామ్‌లో కూర్చుని ఉంటాయి. కాన్ఫిగ్‌లోని డిలీట్ జాబితాలో బూట్ ఆర్గ్స్ పేరు లేకపోతే, ఓపెన్‌కోర్ పాతదాన్ని తీసి కొత్తది రాయదు. పేరు అక్కడ చేర్చండి. లేదా బూట్ మెనూలో స్పేస్‌బార్ నొక్కి, రీసెట్ ఎన్‌వీర్యామ్ కనిపిస్తే దాన్ని ఎంచుకోండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్చి బండి నడిస్తే ఏది పనిచేసిందో తెలియదు, నడవకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు. ప్రయోగాలన్నీ పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ మీదే చేయండి. పనిచేస్తున్న ఫోల్డర్ కాపీ ఇంకో పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ప్రాజెక్టు ఫైళ్లు వేరే డిస్క్‌లో ఉండాలి.

డబ్బు పెట్టే ముందు ఒక్క మాట

మ్యాక్‌ఓఎస్‌ని యాపిల్ బ్రాండ్ కంప్యూటర్లలోనే వాడాలని ఆ కంపెనీ లైసెన్స్ చెబుతోంది. 2008లో సైస్టార్ అనే అమెరికా కంపెనీ ఇలాంటి పీసీలు అమ్మితే యాపిల్ కోర్టుకి వెళ్లి గెలిచింది. ఇంట్లో నేర్చుకోవడం వేరు, చేసి అమ్ముకోవడం వేరు. కానీ లైసెన్స్ ప్రకారం రెండూ కుదరవని తెలిసే దిగండి.

అంతకంటే పెద్ద విషయం ఇంకోటి ఉంది. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ తాహోనే చివరిదని 2025 జూన్‌లో యాపిల్ ప్రకటించింది. తర్వాతి వెర్షన్లు యాపిల్ సొంత చిప్‌లకే. యాప్ స్టోర్‌లో యాప్ పెట్టాలంటే కొత్త ఎక్స్‌కోడ్ అడుగుతారు, కొత్త ఎక్స్‌కోడ్ కొత్త మ్యాక్‌ఓఎస్ అడుగుతుంది. అంటే ఈ దారికి చివర ఒక గోడ ఉంది.

అందుకని, ఉన్న పీసీలో సరైన కార్డు ఉంటే హాయిగా ప్రయత్నించండి. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో దీనంత బాగా నేర్పేది ఇంకోటి లేదు. కానీ దీనికోసమే కొత్త కార్డు, కొత్త బోర్డు కొనాలనుకుంటే ఆగండి. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే సెకండ్‌హ్యాండ్ ఎం1 మ్యాక్ మినీ దొరుకుతుందేమో వాకబు చేయండి. మీకు కావాల్సింది యాప్ అయితే, అదే దగ్గరి దారి.