పొద్దున పదింటి సద్ది

పాలిష్ బియ్యం, మైదా, చక్కెర పక్కనపెట్టి ముడిధాన్యాలకు మళ్లిన ప్రవాస కుటుంబాల్లో ఈమధ్య ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తోంది. కొర్రలు తెచ్చుకున్నారు, జొన్నపిండి తెచ్చుకున్నారు, పెసలు మొలకెత్తించారు. తీరా ఉదయం ఏడింటికి గిన్నె ముందు కూర్చుంటే ముద్ద దిగదు. పూరీ అయితే ఆకలి ఉన్నా లేకున్నా లోపలికి పోయేది. మొలకలకు ఆ మర్యాద దక్కడం లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వెళ్లినవారు దీనికి జవాబు తమ తాతల దినచర్యలోనే వెతుక్కోవచ్చు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలేదాకా ఆ ప్రాంతపు మెట్ట చేలల్లో జొన్న, సజ్జలదే రాజ్యం. వరి చెరువుల కింద, బావుల కింద మాత్రమే పండేది. పొద్దుగాల లేచిన రైతు నేరుగా పళ్లెం ముందుకు వచ్చేవాడు కాదు. పేడ తీసి, పాలు పితికి, నాగలి కట్టి కొన్ని సాళ్లు దున్నాకే చేనుగట్టు మీద సద్దిమూట విప్పేవాడు. అందులో రాత్రి మిగిలిన గటక, మజ్జిగ, ఉల్లిగడ్డ, లేదంటే జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. రాత్రి భోజనం దీపాలు పెట్టే వేళకే ముగిసేది. అంటే సద్ది ముట్టేసరికి కడుపు ఖాళీ అయి చాలాసేపయ్యేది, ఒళ్లు వంగి పని కూడా చేసి ఉండేది. ఆకలిని ఎవరూ పిలవక్కర్లేదు.

దీన్ని స్వర్ణయుగమని మురిసిపోనక్కర్లేదు. వెట్టి చేసి, చాలీచాలని గటకతో బతికిన ఇళ్లు ఈ ఊళ్లున్న అప్పటి నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. అక్కడ తెలంగాణ సాయుధ పోరాటం పుట్టింది ఊరికే కాదు. మనం తీసుకోదగ్గది ఆ లేమిని కాదు, తిండి వేళలను.

ఆ వేళలకు శరీరంలోనూ కారణం ఉంది. అమెరికాలో స్కీర్, మోరిస్, షియా 2013లో ప్రచురించిన అధ్యయనంలో పన్నెండు మందిని పగలూ రాత్రీ తేడా తెలియని గదుల్లో ఉంచి ఆకలిని కొలిచారు. తిండి, నిద్రల ప్రభావాన్ని వేరుచేసి చూస్తే, దేహపు లోపలి గడియారం ప్రకారం ఆకలి ఉదయం ఎనిమిది ప్రాంతంలో అతి తక్కువ, రాత్రి ఎనిమిది ప్రాంతంలో అతి ఎక్కువ. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి తొమ్మిదిన్నరకు భోంచేసేవారికి పొద్దున ముద్ద దిగకపోవడం జబ్బేమీ కాదు.

ముడిధాన్యం వచ్చాక ఈ ఇబ్బంది కాస్త పెరుగుతుంది. మిర్యాలగూడ మిల్లుల్లో నూరు కిలోల వడ్లు ఆడిస్తే ప్రభుత్వ లెక్కన పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు రావాలి. మిగతాది ఊక, తవుడు, నూకలు. తవుడు నూనె మిల్లుకు పోతుంది. అదే తవుడు గింజనంటుకుని ఉన్న దంపుడు బియ్యం తింటే నమలడానికి సమయం పడుతుంది, కడుపు తొందరగా నిండుతుంది, నిదానంగా ఖాళీ అవుతుంది. పగలు అది మేలే. పడుకునే ముందు పప్పు, రొట్టెలతో కడుపునిండా తింటే మాత్రం ఆ నిదానం వల్ల పొద్దుటి ఆకలి ఇంకా మందగించవచ్చు.

విచిత్రమేమిటంటే, ప్రవాసులు పాలిష్ బియ్యం మానుతుంటే, వారి సొంత ప్రాంతంలోనే 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది. అక్కడ సన్నబియ్యం అందడమే పండుగ, విదేశాల్లో జొన్నపిండి దొరకడమే సంబరం. రెండిటినీ తప్పుపట్టలేం.

ఉదయపు ఆకలి కావాలనుకునేవారు గిన్నె మార్చే ముందు గడియారం జరపాలి. రాత్రి భోజనం ఏడులోపు, కొంచెం తక్కువగా. లేవగానే పాల టీ, బిస్కెట్లు మాని నీళ్లు తాగి నడక, లేదా పెరటి పని. ఏడింటికి దిగని గటక తొమ్మిదిన్నరకు దిగుతుంది, డబ్బాలో ఆఫీసుకూ వెళ్తుంది. మొదట్లో గట్టి ముద్ద కంటే మజ్జిగ కలిపిన పలచని అంబలి నయం. మధుమేహానికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా వేళలు మార్చకూడదు. మెట్‌ఫార్మిన్ వంటి మందులే కొందరికి ఆకలి తగ్గిస్తాయి. బరువు కూడా తగ్గిపోతూ వారాల తరబడి ఆకలి లేకపోతే అది సద్దితో తేలే సంగతి కాదు, పరీక్షలు చేయించుకోవాలి.