ఈ ఈగ... ఏ ఈగ?

లక్షలు పోసి పాలీహౌస్ కట్టారు. టొమాటోనో, క్యాప్సికమో, జెర్బెరానో వేశారు. ఓ ఉదయం మొక్కను కదిపితే ఏవో ఈగలు గుంపుగా లేచాయి. చెయ్యి వెంటనే మందు డబ్బా మీదికి వెళ్తుంది. కాస్త ఆగండి! అవేమిటో తెలియకుండా మందు కొడితే డబ్బు పోతుంది, ఈగ మిగులుతుంది.

బయటి పొలంలోనైతే వాన, గాలి, అక్షింతల పురుగులు మనకు కొంత సాయం చేస్తాయి. వల కప్పిన పందిట్లోకి వాటికి దారి లేదు. పైగా లోపలి వెచ్చదనం, తేమ పురుగుకూ హాయే. అందుకే ముందు గుర్తుపట్టాలి. ఎక్కడ కాపురం పెట్టిందో చూస్తే చాలు, చాలావరకు తెలిసిపోతుంది.

ఆకు అడుగున...

ఆకు కింద తెల్లగా, పొడి చల్లినట్టు ఉంటే తెల్లదోమ. నిజానికి ఇది ఈగా కాదు, దోమా కాదు. వాటికి రెక్కలు రెండే, దీనికి నాలుగు. పేనుబంకకు దగ్గరి చుట్టం. రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తుంది. దానిమీద నల్లటి మసి పడుతుంది. టొమాటోలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేదీ ఇదే.

ఆకు లోపల...

ఆకుమీద తెల్లటి వంకర గీతలు కనిపిస్తే పాముపొడ. దీని తల్లి పురుగు అసలైన ఈగే. నలుపు, పసుపు రంగుల్లో రెండు మిల్లీమీటర్లుంటుంది. పిల్ల పురుగు ఆకు పొరల మధ్య తింటూ పోతుంది కాబట్టి పైపైన కొట్టే మందు దానికి అందదు. గీతలున్న ఆకుల్ని తెంపి కాల్చెయ్యండి.

మట్టిలో...

కుండీల దగ్గర సన్నటి నల్ల ఈగలు తడబడుతూ ఎగురుతుంటే అవి ఫంగస్ నాట్స్. వీటి పిల్లలు లేత వేళ్లను కొరుకుతాయి. నారుమళ్లకు ఎక్కువ నష్టం. అనుమానముంటే బంగాళాదుంప ముక్కను కోసిన వైపు మట్టికి ఆనించి పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత తిప్పి చూస్తే నల్ల తలల తెల్ల పురుగులు కనిపిస్తాయి. వీటికి మొదటి మందు నీళ్లు తగ్గించడమే. కొబ్బరి పొట్టు పైపొర ఆరాకే మళ్లీ తడపండి.

ఏం చెయ్యాలి?

* పసుపు జిగురు అట్టలు కట్టండి. పసుపు రేకుకు ఆముదం పూసినా సరే. తెల్లదోమకు మొక్క తలల ఎత్తులో నిలువుగా, మట్టి ఈగలకు నేలకు దగ్గరగా అడ్డంగా ఉండాలి. వారానికోసారి లెక్కపెడితే ఉద్ధృతి ముందే తెలుస్తుంది.
* గాలి వచ్చే చోట్ల 40-50 మెష్ వల, రెండు తలుపుల ప్రవేశం తప్పనిసరి. చిరుగుల్ని ఏ రోజుకారోజు కుట్టెయ్యండి.
* తెల్లదోమ మొదట్లోనే కనిపిస్తే 1500 పి.పి.ఎం. వేపమందు లీటరు నీటికి 5 మి.లీ. కలిపి, సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి. గుడ్లు మిగిలి మళ్లీ పిల్లలవుతాయి. అందుకే వారం తర్వాత మరోసారి కొట్టాలి. ముందుగా రెండు మొక్కల మీద పరీక్షించడం మరవొద్దు.

నల్లబడితే మంచిదే!

1926లో ఇంగ్లండ్‌లో ఓ టొమాటో రైతు తన గ్రీన్‌హౌస్‌లో తెల్లదోమ పిల్లలు కొన్ని నల్లబడ్డాయని గమనించాడు. శాస్త్రవేత్త స్పేయర్ పరిశీలిస్తే వాటిలో ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ పిల్లలున్నాయని తేలింది. తర్వాత ఆ కందిరీగల్ని పెంచి రైతులకు పంపిణీ చేశారు. డీడీటీ వంటి మందులొచ్చాక మరుగున పడిన ఈ పద్ధతి, పురుగులు మందులకు లొంగకపోవడంతో 1970లలో మళ్లీ ప్రాణం పోసుకుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే తెల్లదోమ జాతి వేరు. అయినా దానికీ, పాముపొడకూ ఇలాంటి శత్రువులున్నాయి. ఘాటైన మందు కొడితే ముందు చచ్చేవి అవే. ఆ తర్వాత పాముపొడ రెట్టింపవుతుంది.

కాబట్టి రేపు ఉదయం పందిట్లోకి వెళ్లేటప్పుడు మందు డబ్బా కాదు, భూతద్దం పట్టుకెళ్లండి. ముందు ఆకు తిప్పి చూడండి!