పచ్చికుండ మీది పలుకు

ఆషాఢమున సికింద్రాబాదు బోయిగూడ సందులలో డప్పు మ్రోగునపుడు, ఏడాది పొడవునా ఇంట గొంతెత్తి యెరుగని యిల్లాలు, అమ్మవారికి సమర్పించు, వేపరెమ్మలు చుట్టిన బోనపు కుండను, దానిపై దీపమును తలనిడుకొని నడచుచు నడచుచు, దరువు మారి వేగమందుకొన్నంతనే జుట్టు విరబోసికొని శివాలెత్తుటను చూడనివారు ఈ ప్రాంతమున నుండరు. ఆ కోపమునే, ఆ దుఃఖమునే ఆమె వంటింట వెళ్లగ్రక్కినచో 'నోరుగల మనిషి' యను బిరుదు దక్కెడిది. ఇచటనో పెద్దలే పాదములపై సాక పోసి, శాంతింపుమని వేడుదురు.

చేరువనున్న ఉజ్జయినీ మహంకాళి ఆలయమును 1815లో నెలకొల్పినవాడు సైన్యమున డోలీలు మోసిన సురిటి అప్పయ్య యని ప్రసిద్ధి. కలరా నాటి భయమున అతడు మ్రొక్కిన మ్రొక్కే దానికి మూలము. బోనాల మరునాడు, సోమవారమున, కాల్చని పచ్చికుండపై నిలిచి రంగము, అనగా భవిష్యవాణి, చెప్పు స్త్రీ, వానల మాట, పంటల మాట చెప్పుచునే సేవాలోపములను నిలదీయుట కద్దు; అధికారులు తలవంచి విందురు. అర్జీ పట్టుకొని కార్యాలయమునకు పోయిన స్త్రీకి కుర్చీ చూపువారెందరు?

ఈ శివాలును భక్తి యనక కళ యనుట కొందరికి అపచారముగా తోచవచ్చును. కాని ఆ దరువు, పసుపు పూసికొన్న పోతరాజు వేషగాని అడుగు, గజ్జె, కొరడా విసరు, ఇవన్నియు తరతరాల సాధన గల విద్యలే కదా. దరువు నెమ్మదించిన పిదప ఆ యిల్లాలు జుట్టు ముడివైచుకొని, కుండ చంకనిడుకొని, మారుమాట లేక యింటిదారి పట్టును.