అడిగిన చిరునామా ఒకటి... పలికింది ఇంకొకటి!

ఆదోనిలో హెడ్డాఫీసు, ఎమ్మిగనూరులో బ్రాంచి ఉన్న ఓ పత్తి వ్యాపార సంస్థ ఉందనుకోండి. సీజను జోరుమీదుంది. ఆదోనిలో కంప్యూటర్లు చూసే కుర్రాడి తెరమీద ఎమ్మిగనూరు సర్వర్ పక్కన ఎర్రగుర్తు పడింది. పింగ్ చేస్తే పలుకుతోంది. బ్రాంచికి ఫోన్ చేస్తే ‘బిల్లులు బాగానే వస్తున్నాయే’ అన్నారు. గుర్తు మాత్రం ఎరుపే. పాపం, బస్సెక్కి సుమారు 30 కిలోమీటర్లు వెళ్లి చూస్తే సర్వర్ నిక్షేపంగా ఉంది!

తిరకాసంతా దానికున్న రెండు చిరునామాలతో. ఆఫీసులోని కంప్యూటర్లవైపు కార్డుకు 192.168.5.1, ఆదోని లైనువైపు కార్డుకు 10.0.0.2.

డిస్కు ఎంత నిండింది, లైనుమీద రద్దీ ఎంత... ఇలా దూరాన ఉన్న యంత్రాల యోగక్షేమాలు అడిగే పద్ధతి ఎస్ఎన్ఎంపీ. 1988 నుంచీ ఉంది. ప్రశ్నలు సాధారణంగా యూడీపీ మీద 161వ పోర్టుకు వెళ్తాయి. యూడీపీ అంటే పోస్టుకార్డే. ఫోనులా లైను కలిపి ఉంచదు. ప్రతి కార్డుమీదా పంపేవారి చిరునామా మళ్లీ రాయాల్సిందే.

ఆదోని నుంచి 192.168.5.1కి ప్రశ్న వెళ్లింది. సర్వర్‌లోని ఏజెంటు ప్రోగ్రాము ఏ చిరునామాకు వచ్చిందో చూసుకోకుండా జవాబు రాసి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చేసింది. అదేమో ఆదోనికి పోయే దారి చూసి, ఆ దారిలో ఉన్న కార్డు చిరునామానే వేసింది. జవాబు 10.0.0.2 పేరుతో చేరింది. ‘నేనడిగింది నిన్ను కాదే’ అని ఆదోని ప్రోగ్రాము దాన్ని పారేసింది. అందులో తప్పేం లేదు, ఎవరు పడితే వాళ్లు పంపిన జవాబును నమ్మితే ఎలా? మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే అక్కడే ఆగిపోయేది. పింగ్‌కి ఈ బాధ లేదు. దానికి ఆపరేటింగ్ సిస్టమే అడిగిన చిరునామాతో బదులిస్తుంది.

అడిగిన చిరునామాతోనే జవాబివ్వాలని ఇంటర్నెట్ నియమాల్లో 1989లోనే రాశారు. పాటించాల్సింది ప్రోగ్రాము రాసేవాళ్లు. నెట్-ఎస్ఎన్ఎంపీ కొత్త వెర్షన్లు లినక్సు మీద ఈ సంగతి తామే చూసుకుంటాయి. పాతవాటితోనే చిక్కు. అప్పుడు ఏజెంటు సెట్టింగుల్లో ‘అన్ని చిరునామాలూ’ అని వదిలేయకుండా, రెండింటినీ విడివిడిగా రాస్తే ఏ కిటికీలో అడిగితే ఆ కిటికీ నుంచే జవాబొస్తుంది. ఒక్క ఇబ్బంది, రేపెప్పుడైనా చిరునామా మారిస్తే ఇక్కడా మార్చాలి. మరిచిపోతే ఏజెంటు అసలు లేవకపోవచ్చు. అంత ఓపిక లేకపోతే ఆదోని జాబితాలోనే 10.0.0.2 అని రాసుకుంటే సరి, పైసా ఖర్చు లేదు.

ఇంతకీ కుర్రాడు బస్సెక్కే ముందు టీసీపీడంప్ పెట్టి చూసుంటే, జవాబు వేరే పేరుతో వచ్చి వాకిట్లోనే నిలబడి ఉండటం ఆదోనిలోనే కనిపించేది.