కవరు మీద ఓడిపోయిన ఓటు

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. అమెరికాలో ఆ పూజారి పేరు ఫారం.

పద్దెనిమిదేళ్లు నిండిన పౌరుడికి వయసు సాకుతో ఓటు కాదనకూడదని 1971లో 26వ రాజ్యాంగ సవరణ తేల్చింది. ఇక టెక్సస్ చూడండి. 65 ఏళ్లు నిండినవారు అడిగితే చాలు, బ్యాలెట్ ఇంటికొస్తుంది. 64 ఏళ్ల వంటమనిషి అడిగితే మాత్రం కారణం చెప్పాలి. వైకల్యం, కౌంటీలో లేకపోవడం, నెలలు నిండటం వంటివి ఒప్పుకుంటారు. ‘పని మానితే కూలి పోతుంది’ అన్నది ఆ పట్టికలో లేదు! ఇది ఆ సవరణకు విరుద్ధం కాదని 2020లో అప్పీలు కోర్టు కూడా తలూపింది.

పోనీ, బ్యాలెట్ ఇంటికొచ్చిన ముసలివాళ్లయినా గట్టెక్కారా? టెక్సస్ 2021 చట్టం ప్రకారం డ్రైవింగ్ లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగంకెలో కవరు మీద రాయాలి. అది పాత రికార్డులో ఉన్నదానితో కలవాలి. ఎప్పుడో ముప్పై ఏళ్ల కింద ఏ నంబరిచ్చిందో ఏ అవ్వకు గుర్తుంటుంది? 2022 మార్చి ప్రైమరీలో 24 వేలకు పైగా తపాలా ఓట్లు చెత్తబుట్ట పాలయ్యాయి. వచ్చినవాటిలో అవి దాదాపు ఎనిమిదో వంతు.

జార్జియాది మరో ముచ్చట. 2018లో 53 వేల నమోదు దరఖాస్తులు పెండింగ్‌లో పడ్డాయి. పేరులో ఒక్క అక్షరం, ఒక్క గీత తేడా ఉన్నా చాలు. అత్యధికం నల్లజాతివారివే. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకో కాగితంలో వెనక ఉండే మన తెలుగువాళ్లకు ఈ బాధ విడమర్చి చెప్పాలా? గుర్తింపు కార్డు చూపి ఓటేసుకోవచ్చు కదా అన్నారు పెద్దలు. ఆ పెద్దలకు పెద్ద, ఎన్నికలు నడిపే రాష్ట్ర కార్యదర్శి బ్రయన్ కెంప్. అదే ఎన్నికలో గవర్నరు అభ్యర్థీ ఆయనే. గెలిచిన తేడా సుమారు 55 వేలు. పెండింగ్ వల్లే గెలిచాడని నేననను. బ్యాటు పట్టినవాడే అంపైరు టోపీ కూడా పెట్టుకున్నాడంటాను.

దొంగ ఓట్లు ఆపొద్దా అని అడుగుతారు. ఆపండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టకండి. కాన్సస్ పౌరసత్వ పత్రం తెస్తేనే నమోదంది. 31 వేలమంది గుమ్మంలోనే ఆగిపోయారు. 1999 తర్వాత జాబితాలోకి చొరబడిన పౌరేతరులు కోర్టు లెక్కలో మహా అయితే 39 మంది! 2018లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఈలోపు జరిగిన ఎన్నికల్లో పోయిన ఓట్లను ఎవరు తెచ్చిస్తారు?

నార్త్ డకోటాలో ఓటరు నమోదే లేదు. కొంపలేమీ మునగలేదు. ఓరెగాన్ 2000 నుంచి అధ్యక్ష ఎన్నికలు తపాలాలోనే నడుపుతోంది. లైసెన్సుకు వెళ్లిన పౌరుణ్ని 2016 నుంచి తానే జాబితాలో చేరుస్తోంది. పొరపాట్లు జరగలేదా? జరిగాయి. పౌరసత్వం రుజువు చూపనివారిని వెయ్యిమందికి పైగా లైసెన్సు కార్యాలయం చేర్చేసిందని 2024లో బయటపడింది. తప్పు కార్యాలయానిది, దిద్దుకోవాల్సిందీ కార్యాలయమే. నేను కోరేది అంతే. గుమాస్తా తప్పుకు గుమాస్తా జవాబు చెప్పాలి, ఓటరు కాదు. జాబితాలో పేరెక్కించడం సర్కారు పని, పౌరుడి మొక్కుబడి కాదు.

గుడి తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయంటారు. నిజమే. చెప్పులు విడిచిన చోటే నిలబెట్టి గోత్రం అడుగుతుంటే, తెరిచిన తలుపులు ఎవరికి?