ఢిల్లీ లేఖ: రోగి గోడుకు కాపుదల ఏదీ?

బిలాస్‌పూర్ అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది రైల్వే. బెంగాల్-నాగపూర్ రైల్వే నాటి నుంచి ఉద్యోగాలకై తరలివెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నవి. ఆ పట్టణానికి చేరువలో గనియారి అనే గ్రామం వున్నది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చదివిన కొందరు వైద్యులు, రాజధానిని విడిచి వెళ్ళి 1990ల చివర అక్కడ జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థను ఆరంభించారు. వారు మందులివ్వడంతో సరిపుచ్చక, ఒకే వ్యాధి గలవారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం అలవాటు చేశారు. సికిల్ సెల్ రోగులకు ఇది ఎంతో అవసరం. పుట్టుకతో సంక్రమించే ఈ రక్తవ్యాధిలో నొప్పి ఎప్పుడు ముంచుకు వస్తుందో తెలియదు. వచ్చిన నాడు కూలి పోతుంది. ఇరుగుపొరుగుకు అది సోమరితనంగా కనబడుతుంది. అదే బాధ పడిన మరొకరు చెప్పే ధైర్యం వైద్యుని చీటీలో దొరకదు.

ఇప్పుడిటువంటి కూటములు చేతిలోని ఫోనులోకి వచ్చినవి. దూరాభారం తగ్గింది, మంచిదే. అయితే గనియారిలో ఎదుట కూర్చున్నది ఎవరో తెలుసు, వాట్సాప్‌లో తెలియదు. హైడ్రాక్సీయూరియా మోతాదు రక్తపరీక్షలు చూసి వైద్యుడు నిర్ణయించవలసినది. ఒకరికి సరిపడినది మరొకరికి చెప్పడం సాహసం. అది మాని తమ మూలికలు కొనమనేవారిది మోసం. జ్వరం వచ్చిన బిడ్డను, ఫోనులో జవాబు కోసం కాచుకొని ఇంట వుంచడం ప్రాణాపాయం.

అంతకంటె పెద్ద చిక్కు గోప్యత. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన జాతీయ పథకం, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించదలచింది. 7 కోట్ల మందికి పరీక్షలు, చేతికి కార్డులు, పెళ్ళికి ముందు వాటిని సరిచూసుకోమని హితవు! ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. కాని గ్రీసులోని ఆర్కోమెనోస్‌లో 1970ల నాటికే ఇటువంటి ప్రయత్నం జరిగింది. వ్యాధి లేకున్నా దాని లక్షణాన్ని మోసేవారని తేలిన కొందరు, సంబంధాలు చెడతాయని ఆ సంగతి దాచుకున్నారు. మన ఆడపిల్లల విషయంలో ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు.

అటువంటి పిల్ల తన వ్యాధిని గురించి అందరూ చూడగల చోట రాసుకున్నదనుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వ్యక్తి తానై బహిరంగపరచిన సమాచారానికి వర్తించదు. ఆసుపత్రి రిజిస్టరుకున్న కాపుదల ఆమె చెప్పుకున్న గోడుకు లేదన్నమాట. నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, ప్రధాన బాధ్యతల అమలుకు 18 మాసాల గడువిచ్చారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమంది ఏకగ్రీవంగా చెప్పిన దేశంలో ఇది వింతే.

కనుక రోగి మారుపేరుతో వుండడం, కార్డు ఫొటో పెట్టకపోవడం, డబ్బడిగిన చోటి నుంచి తప్పుకోవడం తన జాగ్రత్త. అయితే భారమంతా రోగి నెత్తిన వేయడం న్యాయం కాదు. వైద్యుడో నర్సో పర్యవేక్షించే నమ్మదగిన కూటములేవో జిల్లా ఆసుపత్రి తానే చెప్పవచ్చు. కార్డు చేతికిచ్చేటప్పుడే ఆ పేరు కూడా చెప్పడం కోట్లమందికి పరీక్షలు తలపెట్టిన యంత్రాంగానికి పెద్ద పనేమీ కాదు.