ల్యాబ్ వదిలి వెళ్లినవారి నంబరు ఎవరికి చేరుతోంది?

ఒక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగం. పదిమంది పరిశోధక విద్యార్థులు కలిసి వాడుకునే లినక్స్ సర్వర్ ఒకటి అక్కడ ఉందనుకోండి. పీహెచ్‌డీ ముగించుకుని ఒక విద్యార్థిని పోస్ట్‌డాక్ కోసం వేరే దేశం వెళ్లింది. సర్వర్ బాగోగులు చూసే సీనియర్ విద్యార్థి ఆమె ఖాతాను ఒక్క కమాండ్‌తో తీసేశాడు. కొన్ని నెలలకు కొత్త విద్యార్థి చేరాడు. అతనికి మరో కమాండ్‌తో ఖాతా తెరిచారు. అతను ఉమ్మడి డేటా డిస్క్ తెరిచి చూస్తే, తాను ఎన్నడూ చూడని నాలుగేళ్ల కొలతల ఫైళ్లకు యజమానిగా తన పేరే కనిపించింది. చదవడానికే కాదు, మార్చడానికీ చెరిపేయడానికీ అతనికి పూర్తి హక్కు ఉంది. ఎవరూ హ్యాక్ చేయలేదు. ఏ సాఫ్ట్‌వేరూ పాడవలేదు. యూనిక్స్ తన పద్ధతి ప్రకారమే పనిచేసింది.

ఆ పద్ధతి ఏమిటో తెలిస్తే ఇందులో వింతేమీ ఉండదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్, దాని బాటలోనే వచ్చిన లినక్స్ మనుషులను పేర్లతో గుర్తుపెట్టుకోవు. ప్రతి వినియోగదారుకూ ఒక సంఖ్య ఉంటుంది. దాన్నే యూఐడీ అంటారు. సర్వాధికారి అయిన రూట్‌ది సున్నా. నేటి లినక్స్‌లలో మామూలు మనుషుల సంఖ్యలు సాధారణంగా 1000 నుంచి మొదలవుతాయి. డిస్క్ మీద ఫైల్‌తో పాటు నమోదయ్యేది ఈ సంఖ్య మాత్రమే. తెరమీద కనిపించే పేరు, ఒక పట్టికలో వెతికి అప్పటికప్పుడు తెచ్చి చూపేదే.

హాస్టల్‌లో ట్రంకుపెట్టె మీద మనిషి పేరు కాకుండా గది నంబరు రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. 107లో ఉన్న అమ్మాయి పెట్టెను స్టోర్ రూమ్‌లో వదిలి వెళ్లిపోయింది. తర్వాత ఆ గదిలోకి వచ్చినవారిదే ఆ పెట్టె. ఖాతా తీసేసినంత మాత్రాన ఆ సంఖ్యతో ఉన్న ఫైళ్లన్నీ పోవు. ఖాతాతో పాటు హోమ్ ఫోల్డర్‌ను తీసేయమన్నా, ఉమ్మడి డిస్క్‌లోవి అలాగే ఉంటాయి. యజమాని పేరు ఉండాల్సిన చోట 1007 అనే అంకె మాత్రం కనిపిస్తుంది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు కొన్ని పనిముట్లు ఖాళీగా ఉన్న మొదటి సంఖ్యను ఇస్తాయి. మరికొన్ని ఉన్నవాటిలో పెద్దదానికి తర్వాతి సంఖ్యను ఇస్తాయి. వెళ్లిపోయిన విద్యార్థినిదే చివరి సంఖ్య అయితే రెండో పద్ధతిలోనూ అదే మళ్లీ వస్తుంది.

ఈ పట్టిక ఉండే పాస్‌వర్డ్ ఫైల్ చాలా సాదాసీదాగా ఉంటుంది. మనిషికో వరుస, వరుసలో కోలన్ గుర్తులతో విడదీసిన ఏడు గడులు: పేరు, పాస్‌వర్డ్ స్థానం, యూఐడీ, ప్రధాన గ్రూపు సంఖ్య, వివరాలు, హోమ్ ఫోల్డర్, లాగిన్ అయ్యాక నడవాల్సిన షెల్. ఐదో గడిని ఇప్పటికీ జీకాస్ అనే పిలుస్తారు. బెల్ ల్యాబ్స్‌లో తొలి యూనిక్స్ యంత్రాలు ముద్రణ పనులను జీకాస్ అనే వ్యవస్థతో నడిచే మరో కంప్యూటర్‌కు పంపేవి. అక్కడి గుర్తింపు వివరాలు దాచుకోవడానికి పెట్టిన గడి అది. ఆ యంత్రాలు పోయి ఎన్నో ఏళ్లయినా పేరు మాత్రం మిగిలింది. ఖాతాల ప్రపంచంలో పాతవి అంత తేలిగ్గా పోవు.

మన దేశంలో విజ్ఞానశాస్త్రం ఈ పట్టిక మీద ఎంతగా ఆధారపడి ఉందో చాలామందికి తెలియదు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన పరమ్ యంత్రాలు, బెంగళూరు ఐఐఎస్సీలోని పరమ్ ప్రవేగ అయినా, హైదరాబాద్ ఐఐటీలోని పరమ్ సేవ అయినా, ఇదే కోవలోవి. అంత పెద్ద కేంద్రాల్లో ఖాతాలు చూసుకోవడానికి ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఇబ్బంది విభాగం మూలన ఏసీ గదిలో నడిచే చిన్న సర్వర్‌తోనే. అక్కడ ఆ పని చాలాసార్లు ఎవరో ఒక పరిశోధక విద్యార్థి నెత్తిన పడుతుంది. అతను చేసే పనికి పేరూ లేదు, గుర్తింపూ లేదు. అతను వెళ్లిపోయే రోజున ఖాతాల చరిత్ర కూడా అతనితోనే వెళ్లిపోతుంది.

రసాయనాల అల్మారాకు రిజిస్టరు ఉంటుంది. రేడియోధార్మిక మూలకాలకు మరింత కట్టుదిట్టమైన లెక్క ఉంటుంది. కానీ నాలుగేళ్ల ప్రయోగ ఫలితాలను ఎవరు మార్చగలరన్న ప్రశ్నకు జవాబు చాలా ల్యాబుల్లో కాగితం మీద లేదు. ఇది సాంకేతిక లోపం కాదు, ప్రయోగ పద్ధతిలోని లోపం. కొలతను ఎవరైనా మార్చి ఉండవచ్చన్న అనుమానం ఉన్నప్పుడు, ఆ కొలత మీద వేసిన గ్రాఫ్‌కు విలువ ఎంత?

దీన్ని గుర్తుచేసే ఒక పాత ఉదంతం ఉంది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఖగోళ శాస్త్రవేత్త క్లిఫర్డ్ స్టోల్‌కు కంప్యూటర్ వాడకం ఖాతాల్లో 75 సెంట్ల తేడా ఎందుకు వచ్చిందో చూడమన్నారు. వెతగ్గా, బిల్లు ఎవరికి పంపాలో చిరునామా లేని ఒక ఖాతా బయటపడింది. తర్వాత తెలిసిందేమిటంటే, చొరబాటుదారు వాడుకున్న వాటిలో ఇంగ్లండ్ వెళ్లిపోయిన ఒక పాత ఉద్యోగి ఖాతా కూడా ఉంది. ఆ తీగ లాగితే డొంక జర్మనీలో కదిలింది. దొంగ రూట్ అధికారం సంపాదించింది ఒక సాఫ్ట్‌వేర్ లోపంతోనే అయినా, తిరగడానికి అతనికి పనికొచ్చింది ఎవరూ అడగని ఖాతా.

అది పాత కథ అనుకునేవారికి 2020 మే నెల ఉంది. బ్రిటన్‌లోని ఆర్చర్‌తో సహా యూరప్‌లో పలు సూపర్‌కంప్యూటర్లను అప్పుడు మూసివేయాల్సి వచ్చింది. చొరబాటుదారులు దొంగిలించిన ఎస్ఎస్‌హెచ్ లాగిన్ వివరాలతో లోపలికి వచ్చారు. ఆర్చర్ వినియోగదారులందరూ పాస్‌వర్డ్‌లతో పాటు ఎస్ఎస్‌హెచ్ తాళాలనూ కొత్తగా చేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ మన చిన్న ల్యాబులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. వెళ్లిపోయినవారి పాస్‌వర్డ్‌ను స్తంభింపజేస్తే ఖాతా మూసేసినట్టే అని చాలామంది అనుకుంటారు. ఎస్ఎస్‌హెచ్ తాళంతో వచ్చేవారిని అది ఆపకపోవచ్చు. ఖాతా గడువు ముగిసినట్టు తేదీ కూడా వేయాలి. వారి పేరుతో రాత్రిపూట వాటంతటవే నడిచే పనులు ఏమైనా ఉన్నాయేమో చూడాలి.

ఇన్ని జాగ్రత్తలు మనిషి గుర్తుపెట్టుకుని ప్రతిసారీ చేత్తో చేయడం కుదిరే పని కాదు. గ్రూపుల సంగతే చూడండి. ఒక ప్రాజెక్టు ఫైళ్లు ఆ ప్రాజెక్టువారికి మాత్రమే అందాలంటే వారందరినీ ఒక గ్రూపులో పెట్టాలి. యూజర్‌మాడ్ అనే కమాండ్‌కు పెద్ద జి అక్షరం, దాని పక్కన కొత్త గ్రూపు పేరు ఇస్తే ఆ గ్రూపు అదనంగా చేరుతుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి అప్పటిదాకా ఉన్న అదనపు గ్రూపులన్నీ పోయి అదొక్కటే మిగులుతుంది. ఉన్నవాటికి చేర్చమని చెప్పాలంటే చిన్న ఏ అక్షరం కూడా ఇవ్వాలి. ఒక్క అక్షరం మరిచిపోతే, కొత్త ప్రాజెక్టులో చేరిన విద్యార్థికి సొంత ప్రాజెక్టు తలుపులు మూసుకుపోతాయి. తనను తానే కొత్త గ్రూపులో చేర్చుకోబోయి నిర్వాహక అధికారం పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఇక ఎవరో అడిగారని డాకర్ గ్రూపులో చేర్చడం మరో రకం. చూడ్డానికి మామూలు గ్రూపులా ఉంటుంది కానీ, సాధారణ అమరికలో అందులో ఉన్నవారికి రూట్ అధికారం ఇచ్చినట్టే.

అందుకే ఈ పని స్క్రిప్ట్‌కు అప్పగించాలి. స్క్రిప్ట్ అంటే పది కమాండ్లను ఒకే ఫైల్‌లో వరుసగా రాసిపెట్టడం కాదు. ఇక్కడ ఒక భౌతిక శాస్త్రవేత్త ఆలోచన పనికొస్తుంది. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో పోస్ట్‌డాక్‌గా ఉన్న మార్క్ బర్జెస్, తమ విభాగంలోని రకరకాల యూనిక్స్ యంత్రాలను సంభాళించడానికి సీఎఫ్ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. ఏం చేయాలో వరుసగా చెప్పడం కాకుండా చివరికి యంత్రం ఏ స్థితిలో ఉండాలో చెప్పడం అందులోని ముఖ్యమైన ఆలోచన. ఫ్యాన్ వేగం ఒక మెట్టు పెంచమంటే, ఎన్నిసార్లు చెప్తే అన్ని మెట్లు పెరుగుతుంది. రెగ్యులేటర్ మూడు మీద ఉంచమంటే, ఒకసారి చెప్పినా పదిసార్లు చెప్పినా మూడు మీదే ఉంటుంది. క్వాంటం యాంత్రికశాస్త్రం చదివినవారికి ప్రొజెక్షన్ ఆపరేటర్ గుర్తుకొస్తుంది. దానిదీ ఇదే గుణం, రెండోసారి ప్రయోగించినా ఫలితం మారదు. తర్వాత వచ్చిన పపెట్, యాన్సిబుల్ వంటివి ఇదే దారిలో నడిచాయి. ఫలానా వారికి ఫలానా సంఖ్య, ఫలానా గ్రూపులు అని ఒక ఫైల్‌లో రాస్తే చాలు. లేనిదాన్ని చేర్చి, ఉన్నదాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాయి. యాన్సిబుల్‌లో కూడా గ్రూపులను ఉన్నవాటికి చేర్చాలా, పాతవి తీసేసి పెట్టాలా అన్నది మనమే చెప్పాలి. చెప్పకపోతే పాతవి పోతాయి. పనిముట్టు మారినా ఆ గొయ్యి అక్కడే ఉంది.

అంత పెద్ద ఏర్పాటు వద్దనుకునే ల్యాబ్‌కు పైథాన్ చాలు. దానితో పాటే వచ్చే పీడబ్ల్యూడీ, జీఆర్‌పీ అనే రెండు చిన్న మాడ్యూళ్లు ఖాతాలనూ గ్రూపులనూ చదివి ఇస్తాయి. ఇవి చదవడానికే, మార్చడానికి కావు. అదే మంచిది. సర్వర్‌లో ఉన్న ఖాతాల సమితి ఒకవైపు, గైడ్ ఆమోదించిన జాబితా మరోవైపు పెట్టి తేడా చూపించడానికి పదిహేను వరుసల ప్రోగ్రాం సరిపోతుంది. వారానికోసారి నడిపితే, జాబితాలో లేని ఖాతా ఏదో, ఖాతా లేని విద్యార్థి ఎవరో తెలిసిపోతుంది. యజమాని లేని ఫైళ్లను పట్టుకోవడానికి ఫైండ్ కమాండ్‌కు నోయూజర్ అనే షరతు ఇస్తే చాలు. మార్పులు చేయాల్సి వస్తే మాత్రం సొంతంగా పాస్‌వర్డ్ ఫైల్‌ను తెరిచి రాయకూడదు. అదే క్షణంలో మరో ప్రోగ్రాం కూడా రాస్తుంటే ఫైల్ సగంలో తెగిపోవచ్చు, ఆ తర్వాత ఎవరూ లాగిన్ కాలేరు. యూజర్‌యాడ్, యూజర్‌మాడ్ వంటివి ముందు ఫైల్‌కు తాళం వేసి ఆ తర్వాతే రాస్తాయి. స్క్రిప్ట్ వాటినే పిలవాలి.

రెండు మూడు సర్వర్లు ఒకే డిస్క్‌ను ఎన్ఎఫ్ఎస్ ద్వారా పంచుకుంటే జాబితా మరీ అవసరం. అక్కడ సాధారణంగా యంత్రాల మధ్య వెళ్లేది పేరు కాదు, సంఖ్యే. ఒక యంత్రంలో 1007 లక్ష్మిది, మరోదానిలో రవిది అయితే ఫైళ్లు కలగాపులగం అవుతాయి. ఎన్ఎఫ్ఎస్ మామూలు పద్ధతిలో ఒక మనిషికి 16 అదనపు గ్రూపుల వరకే తీసుకెళ్లగలదు. పదిహేడో గ్రూపు ఫైల్‌ను తెరవబోతే అనుమతి లేదంటుంది. జాబితాలో పేరు ఉన్నా తెరుచుకోని ఆ ఫైల్ ముందు ఎంతమంది ఎన్ని మధ్యాహ్నాలు పోగొట్టుకున్నారో.

స్క్రిప్ట్ మీద ఒక అభ్యంతరం ఉంది, అది నిజమైనదే. మనిషి పొరపాటు ఒక ఖాతాను పాడుచేస్తే, స్క్రిప్ట్ పొరపాటు ఒక్క నిమిషంలో వంద ఖాతాలను పాడుచేస్తుంది. ఎవరో ఖాళీ జాబితాను ఇచ్చారు, జాబితాలో లేనివన్నీ తీసేయమని స్క్రిప్ట్‌లో ఉంది. ఫలితం చెప్పనక్కర్లేదు. దీనికి విరుగుడు స్క్రిప్ట్ మానేయడం కాదు. ముందు ఏం చేయబోతోందో చూపించి, మనిషి సరేనన్నాకే చేసేలా రాయాలి. ఐదుకు మించి ఖాతాలు మారబోతుంటే ఆగిపోయేలా రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, స్క్రిప్ట్‌కు ఖాతాను చెరిపేసే అధికారమే ఇవ్వకూడదు. మూసేయడం వరకే దాని పని.

జాబితాలో ఎవరుండాలన్నది మాత్రం ఏ లైబ్రరీ తేల్చదు. వెళ్లిపోయిన విద్యార్థిని డేటాకు ఇకపై బాధ్యులు గైడా, విభాగమా, తర్వాతి విద్యార్థా? థీసిస్ సమర్పణకు గ్రంథాలయం నుంచీ హాస్టల్ నుంచీ నో డ్యూస్ పత్రం అడిగే విశ్వవిద్యాలయాలు, సర్వర్‌లోని డేటా ఎవరికి అప్పగించారన్న ఒక వరుసను కూడా అందులో చేర్చాలి. ఆ పత్రం మీద సంతకం పడ్డాకే జాబితాలో మార్పు జరగాలి. ఆ మార్పు ఎవరు, ఏ తేదీన చేశారో గిట్‌లో నమోదు కావాలి. సర్వర్ చూసుకునే విద్యార్థి పేరు ఆ ల్యాబ్ పత్రాల కృతజ్ఞతల్లోనైనా కనిపించాలి.

ఇక 1007 సంగతి. ఆ వరుసను పాస్‌వర్డ్ ఫైల్ నుంచి తీసేయనక్కర్లేదు. ఏడో గడిలో షెల్ బదులు నోలాగిన్ అని పెట్టి, గడువు తేదీ వేసి, ఐదో గడిలో ఎప్పుడు వెళ్లిందో, డేటా ఎవరి దగ్గరుందో రాసి ఉంచితే చాలు. ఫైళ్ల మీద ఆమె పేరే ఉంటుంది, ఆ సంఖ్య మరొకరికి వెళ్లదు. సంఖ్యలు అయిపోతాయన్న బెంగా అక్కర్లేదు. ఒకప్పుడు 16 బిట్ల యూఐడీతో 65,536 సంఖ్యలే ఉండేవి. నేటి లినక్స్‌లో అది 32 బిట్లు, అంటే 400 కోట్లకు పైనే.